పదకొండున్నర చుట్ల దూరం

అమ్మకు,

నమస్కారాలు. నువ్వు, చెల్లి, పిల్లలు అక్కడ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చెప్పింది. నీ దస్తూరీ ఇంకా రూళ్ళకర్ర పెట్టి గీసినట్టే ఉంది కనుక నమ్మాను. ఇక్కడ నేనూ నీ కోడలూ క్షేమమే. ఆ చివరి మాట రాశాక కలం ఆపి, దాన్ని కొట్టివేయాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. చివరకు ఉండనిచ్చాను. ఒంటికి సంబంధించినంత వరకు అది నిజమే.

నీ ఉత్తరంలో ఆరు ప్రశ్నలున్నాయి. అలవాటు ప్రకారం పెన్సిలుతో అంచున అంకెలు వేసుకున్నాను. అయిదింటికి వరుసగా జవాబు చెబుతాను. నాలుగోది మాత్రం చివరకు పెట్టాను. కాగితాలు తిరగేసి ఆఖరి పేజీ ముందే చదివేస్తావని తెలుసు. బైండింగుకు వచ్చిన పుస్తకాలన్నీ నువ్వలాగే చదివావు. ఈ ఒక్కసారికి వరుసలో చదువు.

మోకాలు: మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి లేదు, దిగేటప్పుడు ఉంది. డాక్టరు దీన్ని మెరుగుదల అన్నాడు. వీధివైపు కిటికీ గడియ: ఇత్తడి ముక్క అరగదీసి కొత్తది చేశాను. ఇప్పుడది ఎంత బిగువుగా పడుతుందంటే, నీ కోడలు దాన్ని తెరవలేక, "గాలి రాకుండా చేశారు, బాగానే ఉంది. వీధి తలుపుకు కూడా ఇలాంటిదే పెట్టండి, మనం కూడా రాకుండా ఉంటాం" అంది. మూడోది ఆమె గురించే. నీళ్ళ పరీక్ష ఆఫీసులో ఆమెను రెండో విభాగానికి పెద్దను చేశారు. అప్పటి నుంచి ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ గ్లాసు వెలుతురుకు ఎత్తి చూస్తోంది. ఇద్దరు స్నేహితులు తగ్గారు.

అయిదోది నా దుకాణం గురించి. రాళ్ళ క్వారీలో లారీలు తూచే పెద్ద కాటా సరిచేసే పని నాకే వచ్చింది. మూడు రోజులు పట్టింది. నాలుగు మూలలా ఒకే తూకం చూపించాక అక్కడి కుర్ర ఇంజనీరు, "ఏ కాలేజీ అండీ మీది?" అని అడిగాడు. మా అమ్మ పనిచేసిన బైండింగు షాపు అని చెప్పాను. వెక్కిరిస్తున్నానేమోనని అతను చిన్నబుచ్చుకున్నాడు. నువ్వు అట్టలు వేయడానికి తెచ్చిన పుస్తకాలను తిరిగి ఇచ్చేలోగా చదివి తూకాల శాస్త్రం నేర్చుకున్నానని అతనికి ఎలా చెప్పను? ఇక ఆరోది: నువ్వు కుట్టి పంపిన కళ్ళద్దాల సంచి జేబులోనే ఉంది, రోజూ వాడుతున్నాను.

నాలుగో ప్రశ్నను నీ మాటల్లోనే ఎత్తి రాస్తున్నాను: "చెరువు సంగతి రెండు ఉత్తరాలుగా ఒక్క ముక్క రాయలేదేంరా? చేప పోయిందా, మనిషి పోయాడా?"

అమ్మా, రెండూ పోయాయి.

మొదట చెరువు గురించి చెప్పాలి. నేను రాస్తూ వచ్చిన చెరువు వేరు, ఇప్పుడున్నది వేరు. ఊరి చివర రాళ్ళు తవ్వగా మిగిలిన గోతిలో నీళ్ళు నిండి అది చెరువయింది. నేను మొదట వెళ్ళినప్పుడు గట్టు మీద పదిమందికి మించి ఉండేవారు కాదు. ఇప్పుడు సంఘంలో నూట నలభై మంది సభ్యులున్నారు, అందరికీ ఆదివారమే సెలవు. తెల్లవారకముందే వచ్చి, బస్సులో సీటు పట్టినట్టు, గట్టు పొడుగునా తువ్వాళ్ళు పరిచి వెళ్ళిపోతారు. ఎనిమిదింటికి చూస్తే, కడుతున్న ఇంటి చుట్టూ వేసిన కంచెలాగా గాలం కర్రలు. ఒకడి పాటల పెట్టె ఇటు మోగుతుంది, ఇంకొకడిది అటు. మధ్యలో రిమోటుతో నడిచే బొమ్మ పడవలు ఎర మోసుకుంటూ గుర్రుమంటుంటాయి. చేపను పట్టినవాడు దాన్ని వెంటనే నీళ్ళలో వదలాలన్నది సంఘం నియమం. వదులుతారు. ముందు దాన్ని ముద్దుపెట్టుకుని, తలపై పెట్టుకుని, పక్కవాడి చేతిలో పెట్టి, పన్నెండు ఫోటోలు తీయించుకుని, అది నోరు తెరుచుకుని కళ్ళు తేలవేసే స్థితికి వచ్చాక వదులుతారు.

ఒక ఆదివారం నూరడుగుల గట్టు కొలిచి, అందులో పడి ఉన్నవన్నీ ఏరి జాబితా రాశాను. తెగిన నైలాను తీగ, చివరలు కలిపితే మన వీధి పొడవు. గాలాలు ముప్పై ఏడు, అందులో తొమ్మిదింటికి ఎర ఇంకా కుళ్ళుతూనే ఉంది. ఎడమకాలి చెప్పు ఒకటి. పైవరస కట్టుడు పళ్ళు ఒక సెట్టు. తమవని ఎవరూ చెప్పుకోలేదు, అయినా ఎవరు నవ్వడం మానేశారో నేను గమనించాను. రెల్లు పొదలో ఒక నీటికోడి, రెండు కాళ్ళకూ తీగ చుట్టుకుని, ఎండిపోయి. జాబితా రాసి ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. వాసన పోలేదు.

ఆ గుంపులో నాకు అందరికంటే రోత పుట్టించినవాడు ఒక లారీ డ్రైవరు. అందరూ అతన్ని హారన్ అంటారు. అతను ఇటు గట్టున మాట్లాడితే అటు గట్టున నీళ్ళలో తేలే గాలపు బెండు కదులుతుంది. నాకు అతను పెట్టిన పేరు కాటా మాస్టారు. ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తున్నారు. నేను వెళ్తుంటే అరుస్తాడు: "మాస్టారూ! ఏమైనా పడిందా? పడలేదూ? మీ చేపలు ఎంట్రన్సు రాసి వస్తాయి కాబోలు!" గట్టంతా నవ్వుతుంది. సంఘం గది బయట బోర్డు మీద నియమాలు పదింటిని నేనే రాశాను, ముడి వేసే పద్ధతిని పుస్తకంలో చూసి బొమ్మలతో సహా గీశాను. అతను దాని ముందు నిలబడి, "ఇది చదివేలోగా చేప ముసలిదైపోద్ది" అన్నాడు. దానికీ నవ్వారు.

బంగారుతీగ చేపకు ఈ జనాభాకంటే బుద్ధి ఎక్కువ, అమ్మా. శబ్దం ఉన్నచోటికి అది రాదు. మనిషి ఎర వేయలేని చోటు వెతుక్కుని అక్కడ పడుకుంటుంది. మన చెరువులో అలాంటి చోటు ఒక్కటే ఉంది. నడుమ ఉన్న చిన్న దిబ్బకు వెనక ఒక చెట్టు నీళ్ళలోకి ఒరిగి పడింది. కొమ్మలు పైన, వేళ్ళు కింద, మధ్యలో తలుపంత ఖాళీ, లోపల నీడ. ఎదుటి గట్టు నుంచి వేస్తే దిబ్బ అడ్డం. పక్క నుంచి వేస్తే కొమ్మలు అడ్డం. నీళ్ళలోకి దిగకూడదు, మనిషి ఎక్కే పడవ వేయకూడదు. హారన్ బొమ్మ పడవ రెండుసార్లు ఆ కొమ్మల్లో చిక్కుకుంది. మిగిలినవాళ్ళు అటు చూడడమే మానేశారు.

నేను మానలేదు. ఒక కాలమంతా కర్ర తీసుకెళ్ళకుండా నోటుబుక్కుతో తిరిగాను. పాత పంపుగది వెనక మురుగుకాలువ వచ్చి కలిసేచోట ఎవరూ కూర్చోరు, కంపు భరించలేరు. అక్కడ చేతిరుమాలు ముక్కుకు కట్టుకుని నిలబడితే దిబ్బ కొసకూ రెల్లుకూ మధ్య ఒక సందు కనబడుతుంది. ఆ సందులోంచి ఏటవాలుగా చూస్తే సరిగ్గా ఆ చెట్టు కింది తలుపు! గట్టు మీద పన్నెండడుగుల ఎడంలో రెండు పుల్లలు పాతి, అక్కడిదాకా పట్టే తీగను వాటి చుట్టూ చుట్టి దూరం కొలిచాను. పదకొండున్నర చుట్లు. అంతవరకే విడిచి తీగను రీలు దగ్గర బిగించేస్తే, ఎంత బలంగా విసిరినా అది అక్కడే ఆగుతుంది, ఒక జానెడు అవతలికి పోదు. పైనుంచి విసరకూడదు, కొమ్మలు తగులుతాయి. నీళ్ళ మీద పెంకు ఎగరేసినట్టు పక్కనుంచి, కిందుగా విసరాలి. ఇంటి ఎదుట ఖాళీ స్థలంలో బకెట్టు పెట్టుకుని మూడు వందల సార్లు విసిరాను. నీ కోడలు కిటికీలోంచి చూసి (అప్పటికింకా అది తెరుచుకునేది), "బకెట్టు చచ్చిపోయింది, ఇక వదిలేయండి" అంది. నెల్లాళ్ళపాటు గాలం లేకుండా ఉడికించిన మొక్కజొన్న గింజలు రెండేసి గుప్పెళ్ళు అక్కడికి చేర్చాను, చేపలకు నమ్మకం కుదరడానికి.

కుదిరింది. ఆ చోటి నుంచి తొమ్మిది చేపలు పట్టి, తడిగుడ్డ మీదే ఉంచి తూచి, ఫోటో లేకుండా వదిలాను. నా గుట్టు ఎవరికీ తెలియదు. పంపుగది వెనక నేను కాలువను శుభ్రం చేస్తున్నానని అనుకునేవారు.

ఒక్క చిక్కు మాత్రం తీరలేదు. సీసపు గుండు తీగకు ఒక చిన్న పట్టీతో తగిలించి ఉంటుంది. ఎప్పుడైనా తీగ తెగితే ఆ పట్టీ ఊడి గుండు జారిపోవాలి. లేకపోతే చేప గుండును ఈడ్చుకుంటూ పోతుంది, ఆ గుండు ఏ వేళ్ళలోనో ఇరుక్కుంటే కట్టేసిన గొడ్డులా అక్కడే చస్తుంది. బోర్డు మీద ఇది మూడో నియమం, ఎర్ర సిరాతో రాశాను. కానీ నేను కిందుగా విసిరినప్పుడు గుండు కొమ్మకు రాసుకుని, పట్టీ గాలిలోనే ఊడిపోయేది. పది విసుర్లకు ఆరు వృథా. దానికొక ఉపాయం కనిపెట్టాను. ఆ మాట తరువాత.

రెండు నెలల కిందట చెరువు కాపలా చూసే ఆవిడ (అందరమూ ఆమెను వదిన అంటాం, ఆమె భర్తను మాత్రం ఎవరూ అన్న అనరు) దిబ్బ వెనక కాపలా పడవలో తిరుగుతూ వాసన పట్టుకుని వెళ్ళింది. చెట్టు వేళ్ళ మధ్య మేనత్త చచ్చి ఉంది.

మేనత్త అంటే ఈ చెరువులో అన్నిటికంటే పాత చేప. కుడివైపు ఒక వరస పొలుసులు లేవు, అదే గుర్తు. ఏడాదికి రెండుసార్లు ఎవరికో ఒకరికి కనబడి, పలకరించినట్టే పలకరించి వెళ్ళిపోతుంది కనుక ఆ పేరు. దాన్ని చూసినవాడు వారం రోజులు అందరికీ చెప్పుకునేవాడు. నేను తొమ్మిదింటిని పట్టినా అది నాకు దొరకలేదు. దొరకాలని చాలా కోరుకున్నాను.

నోట్లో గాలం. గాలం నుంచి మూరెడు తీగ, దానికి గుండు. గుండు రెండు వేళ్ళ నడుమ దిగబడి ఉంది. పెదవి ఒక పక్క మొత్తం చీలిపోయింది, అంటే రోజుల తరబడి పెనుగులాడింది. సంఘం పుస్తకంలో ఎక్కించాలని నా కాటా మీదే దాన్ని తూచారు. ఆ బరువు ఇక్కడ రాయలేను. పళ్ళెం ఎన్నిసార్లు తోమినా నీ కోడలు దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు.

ఆ ఆదివారం సంఘం గదిలో నలభై మంది పోగయ్యారు. వదిన బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద గుండు, తీగ, గాలం పెట్టింది.

"ఎవరిదిది?"

వదిన ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చింది.

"అవతల గట్టు మీద తెరిచిన నోళ్ళు ఇక్కడ మూతబడ్డాయేం? దీన్ని విప్పుదామని అరగంట కూచున్నా, రాలేదు. కత్తితో కోసి తెచ్చా. పట్టీ లేదు, ఏం లేదు. గుండును ఏకంగా ముడేసి కట్టారు. మనుషులేనా మీరు?"

"ఆ చెట్టు కిందికి పడవలు పంపేది ఎవరో అందరికీ తెలుసుగా" అన్నాడు మా సభ్యుల్లో ఒకడైన దర్జీ.

"పంపా! అయితే?" హారన్ లేచాడు. "రెండుసార్లు తెగింది, తెగిందని అరిచా కూడా. దాచుకున్నానా?"

"అరవడం నీకు కొత్తా?"

"వదినా, నేను పట్టీయే పెడతా. ఒట్టు."

"బోర్డు చదివిన మొహమేనా నీది? చేప ముసలిదైపోద్దన్నావు. ఇప్పుడు చూడు, ఏమైపోయిందో." వదిన నా వైపు తిరిగింది. "మాస్టారూ, మీరు సన్నపనులు చేసేవారు. అద్దం పెట్టి చూసి చెప్పండి. ఈ ముడి ఎవరి పద్ధతి?"

నేను నువ్వు కుట్టిన సంచిలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాను. భూతద్దం తీశాను. చూశాను. చాలాసేపు చూశాను. తరువాత, తప్పు తూకం పట్టుకున్నప్పుడు వాడే గొంతుతో ఇలా అన్నాను:

"ఇది నేర్చుకున్న చేతి ముడి కాదు. తీగను అటు తిప్పవలసిన చోట ఇటు తిప్పారు. పద్ధతి తెలియని చెయ్యి."

అబద్ధమాడిన చోట కూడా మాటలను ఎంత జాగ్రత్తగా పేర్చానో చూడు. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం లేదు. నలభై తలలూ ఒకేసారి అతని వైపు తిరిగాయి.

హారన్ ఏడాదిపాటు గట్టు ఎక్కకూడదని తీర్మానించారు. అతను టోపీ చేతిలో పట్టుకుని, ఎప్పటి పెద్ద గొంతుతోనే అన్నాడు: "వారం పొడుగునా సీటు మీద కూచుంటానండీ. ఆదివారం ఒక్కరోజు నేల మీద కూచుంటా. అదీ తీసేస్తారా?"

వదిన గుండునూ తీగనూ పేపరులో చుట్టి సొరుగులో పెట్టింది. నేను కళ్ళద్దాలు తీసి సంచిలో పెట్టుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు అమ్మా, ఏవగింపు. ఇంత పెద్ద మనిషి ఇలా బతిమాలుతున్నాడేమిటని. ఇప్పుడు ఆ ఏవగింపు నా మీద నాకే.

నువ్వు ఈపాటికి గ్రహించే ఉంటావు. అయినా రాస్తాను. రాయడానికే ఈ ఉత్తరం.

ఆ ముడి నాది. నాది కూడా కాదు, నీది.

బైండింగు షాపులో బల్ల మీద నీ పక్కన కూర్చుని నేను మొట్టమొదట నేర్చుకున్న పని అదే. మడిచిన కాగితాల ఫారాలన్నీ కుట్టేసి, చివర మైనం రాసిన దారాన్ని రెండుసార్లు బయటికి, ఒకసారి లోపలికి తిప్పి, ఉమ్మితో తడిపి, బిగించడం. నీది ఎడమచేతి వాటం. నాది కుడి. కానీ నీ చేతులను చూసి నేర్చుకున్న నా వేళ్ళు ఆ ముడిని నీలాగే ఎడమకే తిప్పుతాయి. బోర్డు మీద గీసింది పుస్తకంలోని ముడి, అందరూ నేర్చుకున్నది అదే. నా చేతికి వచ్చింది నీ ముడి. ఈ ఊళ్ళో ఇంకెవరి ముడీ అటు తిరగదు. భూతద్దం అవసరం లేదు, గుమ్మంలోంచే పోల్చాను.

పట్టీ ఊడిపోతోందన్నానే, దానికి నేను కనిపెట్టిన ఉపాయం ఇదే. పట్టీ తీసేసి గుండును నీ ముడితో కట్టేశాను. మళ్ళీ ఒక్క విసురూ వృథా పోలేదు. ఎర్ర సిరాతో మూడో నియమం రాసినవాణ్ణి నేనే కదా, నాకు తెలియనిదా, నేను జాగ్రత్తపడతాను అనుకున్నాను. వదిన దాన్ని కనుక్కోవడానికి తొమ్మిది రోజుల ముందు నా తీగను ఏదో బలంగా లాగింది, వేళ్ళ వైపు ఈడ్చింది, తెగింది. నోటుబుక్కులో ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది: "మధ్యాహ్నం 3.40. పెద్ద పట్టు. తీగ తెగింది. చేప విడిపోయింది."

విడిపోవడం నేను చూడలేదు. ఇన్నేళ్ళ నోటుబుక్కుల్లో నేను చూడకుండా రాసిన వాక్యం అదొక్కటే.

నీ ముప్పై ఏళ్ళ పనిలో ఒక్క పుస్తకం కూడా ఫారం ఊడి వెనక్కి రాలేదు. అలాంటి ముడిని నలభై మంది ముందు పద్ధతి తెలియని చేతి ముడి అన్నాను. ముడి తప్పేమీ చేయలేదు. నువ్వు నేర్పినట్టే పట్టుకుని, చివరిదాకా వదలలేదు. వదలవలసిన చోట కట్టినవాణ్ణి నేను.

ఇంకొకటుంది. ఇరవై రోజుల కిందట ఒక మధ్యాహ్నం హారన్ నా దుకాణానికి వచ్చాడు. "మాస్టారూ!" అన్న కేకకు అలమారాలో తూకపు రాళ్ళు గలగలమన్నాయి. అతన్ని చూడగానే నాకు మళ్ళీ ఆ పాత రోతే కలిగింది. ఎంత దిగజారిన అలవాటో చూడు.

"ఏం కావాలి?" అన్నాను.

"కాస్త ఇటుపక్క నుంచి చెప్పండి మాస్టారూ. ఎడమ చెవి ఇంజనుకి ఇచ్చేశా." కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి నైలాను తీగ ఉండ తీసి గాజుబల్ల మీద పెట్టాడు. "నాకే తెలీకుండా నేనే చేశానేమో అనిపిస్తోంది. రెండుసార్లు తెగిందిగా. పట్టీ సరిగ్గా పెట్టానో, హడావుడిలో ఏం చేశానో. నిద్ర పట్టట్లేదు. మీరన్నారుగా, పద్ధతి తెలియని చెయ్యి అని. నేర్పండి. ఏడాది పోయాక వస్తే మళ్ళీ ఇలాంటిది జరక్కూడదు."

అతను గట్టిగా మాట్లాడేది వినబడక. ఇన్నేళ్ళలో అది నాకు తట్టలేదు.

తీగ అందుకున్నాను. పుస్తకంలోని ముడి వేద్దామనే అనుకున్నాను. వేళ్ళు వాటికి తెలిసిన పని చేసుకుపోయాయి. బిగించేదాకా నాకే తెలియలేదు.

"ఆగండాగండి. ఇంకోసారి."

ఈసారి జాగ్రత్తగా, కుడికి తిప్పాను. నా వేళ్ళు ఎప్పుడూ లేనంతగా తడబడ్డాయి. అతను రెండు ముళ్ళనూ అరచేతిలో పెట్టుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ మనిషి నోరు మూసుకుని ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి. వీధిలో సైకిలు గంట వినబడింది.

"ఇదెక్కడ నేర్చుకున్నారు మాస్టారూ?"

"మా అమ్మ దగ్గర. ఆవిడది ఎడమచేతి వాటం."

"ఊఁ." అతను మొదటి ముడిని రెండు చేతులా లాగి చూశాడు. అది రాలేదు. "గట్టి ముడి." దాన్ని గాజుబల్ల మీద, నా ముందు, మెల్లగా పెట్టాడు. టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "పెద్దావిడ బాగున్నారా?"

"బాగున్నారు."

"అయితే మంచిది" అని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఆ గొంతుతో ఒక్కసారి చెబితే ఊరంతా వినేది. ఇరవై రోజులుగా ఎదురుచూస్తున్నాను. అతను ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు చెరువు కంచె బయట రోడ్డు పక్కన లారీ ఆపుకుని, సీటు మీదే కూర్చుని నీళ్ళ వైపు చూస్తున్నాడని దర్జీ నవ్వుతూ చెప్పాడు.

గట్టు మీద ఏరిన చెత్త జాబితా అన్నానే, నిన్న దాన్ని తీసి చివర ఒక పంక్తి చేర్చాను: సీసపు గుండు ఒకటి, ముడితో సహా, నాది. కట్టుడు పళ్ళవాడిని చూసి నేను నవ్వుకున్నాను. అతను కనీసం ఇంకొకరి నోట్లో పెట్టలేదు.

నిన్న సాయంత్రం నీ కోడలికి చెప్పాను. కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపకుండా వింది. "రెండు నెలలుగా మీరు దారం ముట్టుకోలేదు. నా జాకెట్టు గుండీ ఊడితే నన్నే కుట్టుకోమన్నారు. అప్పుడే అనుకున్నా, ఏదో అయిందని" అంది. తరిగిన ముక్కలు గిన్నెలో వేసి, "రేపు పదింటికేగా మీ మీటింగు? ఇస్త్రీ చొక్కా పైనే పెడతా" అంది.

ఇవాళ ఆదివారం. ఇప్పుడు తొమ్మిదీ పది. చొక్కా వేసుకునే ఇది రాస్తున్నాను. నోటుబుక్కు, ఆ పేజీకి గుర్తు పెట్టి, సంచిలో ఉంది. హారన్ నా బల్ల మీద వదిలిన ముడి ఉంది. దాన్ని వదిన దగ్గరున్నదాని పక్కన పెడితే అద్దం లేనివాడు కూడా పోల్చగలడు. అతని మీద వేసిన ఏడాదిని తీసేసి నా మీద వేయమని అడుగుతాను. నియమాల బోర్డును ఇకపై ఎవరితోనైనా రాయించుకోమంటాను. ఆ తరువాత రోడ్డు పక్కకు వెళ్ళి లారీ తలుపు తట్టాలి, కుడివైపు నుంచి. సంఘం గది గుమ్మం నుంచి వదిన కూర్చునే బల్ల దాకా పద్నాలుగు అడుగులు. మొన్న ఎవరూ లేనప్పుడు వెళ్ళి కొలిచి వచ్చాను. మూడు వందల సార్లు సాధన చేయడానికి మాత్రం వీలులేని పని.

తపాలా పెట్టె చెరువు దారిలోనే ఉంది, గదికి ఇవతల. ముందు ఈ ఉత్తరం అందులో వేస్తాను. నీకు తెలిసిపోయిన సంగతి నుంచి నేను ఇంతవరకు ఎప్పుడూ వెనక్కి తిరగలేకపోయాను. అందుకే నీకు ముందు రాశాను.

ఒక్కటి అడుగుతాను. ఏడాదికొకసారి నా ఉత్తరాలన్నీ పేర్చి అట్టవేసి పెట్టుకుంటావు కదా. ఈ ఏడాదివి కుట్టేటప్పుడు, నలుగురూ చదివే పుస్తకమని, ఈ కాగితాలను పక్కకు తీసేస్తావేమో. తీయకు. వీటిని కూడా లోపలే పెట్టి కుట్టు. చివర నీ ముడే వెయ్యి, ఎడమకు.

ఇట్లు,
నీ పక్కన కూర్చుని నేర్చుకున్న
నీ కొడుకు